గర్భిణికి పలుమార్లు స్కానింగ్ చేయిస్తే శిశువుకు హాని ఉంటుందా? టిఫా, డాప్లర్, ఎకోల మధ్య తేడా ఏమిటి?

ప్రశ్న: నర్సంపేట ఉపాధ్యాయుడు

మా చెల్లెలికి తొలి చూలు, ఐదో నెల నడుస్తోంది. హనుమకొండలో చూపిస్తున్నాము. నెలలు నిర్ధారించడానికి మొదట ఒక స్కానింగ్, మూడో నెలలో శిశువు మెడ వెనుక నీటి పొరను కొలిచే ఎన్‌టీ స్కాన్ అయ్యాయి. ఇప్పుడు టిఫా స్కాన్ రాశారు. రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉన్నందున ఏడో నెల నుంచి డాప్లర్ కూడా అవసరం కావచ్చని డాక్టరమ్మ చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి చెల్లెలి అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. “మేం నలుగురిని కన్నం, ఒక్క మిషన్ ఎరుగం. గన్నిసార్లు పెడితే కడుపుల బిడ్డకు వేడి తాకదా?” అని అడుగుతున్నారు. పెద్దామె మాటను నవ్వి తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. ఆమెకు అర్థమయ్యేలా, అబద్ధం లేకుండా చెప్పగలగాలి.

ఇదే సమయంలో మా బాపుకు కడుపు స్కానింగ్, గుండెకు ఎకో రాశారు. రెండూ ఒకే రకం యంత్రంతో చేస్తారని ఒకరు, ఎకో పూర్తిగా వేరని మరొకరు అంటున్నారు. వీటిలో ఏది ఏమిటో, ఏది ఎంతవరకు సురక్షితమో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: హనుమకొండ రేడియాలజిస్టు

సారు గారూ, అత్తమ్మ గారు అడిగినది సరైన ప్రశ్న. ధ్వనితరంగం శరీరంలోకి వెళ్ళినప్పుడు దాని శక్తిలో కొంత వేడిగా మారడం నిజం. ఎంత వేడి, ఎంతసేపు, శరీరంలో ఏ చోట అన్నవే తేల్చుకోవలసిన విషయాలు.

ముందుగా ఎక్స్‌రే భయాన్ని పక్కన పెడదాం. ఎక్స్‌రేలోను, సీటీ స్కాన్‌లోను అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగల రేడియేషన్ ఉంటుంది కాబట్టి గర్భిణుల విషయంలో అంత జాగ్రత్త పడతాము. అల్ట్రాసౌండ్‌లో ఉన్నది శబ్దం మాత్రమే. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దం వినబడదు. రోగనిర్ధారణకు వాడేది సుమారు 20 లక్షల నుంచి కోటి 80 లక్షల హెర్ట్జ్ వరకు, అంటే 2 నుంచి 18 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. చేతిలో పట్టుకునే ప్రోబ్‌లోని స్ఫటికాలకు విద్యుత్తు అందితే అవి కంపించి శబ్దాన్ని పంపుతాయి, తిరిగి వచ్చిన ప్రతిధ్వని తాకితే విద్యుత్తును పుట్టిస్తాయి. ఈ గుణాన్ని క్యూరీ సోదరులు జాక్, పియర్ 1880లో గుర్తించారు. కరెంటు ప్రోబ్‌లోనే ఆగిపోతుంది, కడుపులోకి వెళ్ళేది శబ్దమేనని అత్తమ్మ గారికి ధైర్యంగా చెప్పవచ్చు. మెత్తని కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో వెళుతుంది కనుక ప్రతిధ్వని రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అది ఎంత లోతు నుంచి వచ్చిందో యంత్రం లెక్క కడుతుంది.

మామూలు బొమ్మ స్కానింగులో, అంటే బి-మోడ్‌లో, యంత్రం మొత్తం సమయంలో 1 శాతం కంటే తక్కువ సేపే శబ్దాన్ని పంపుతుంది. మిగిలిన సమయమంతా తిరిగి వచ్చేదాని కోసం వింటూ ఉంటుంది. పైగా శబ్దరేఖ ఒకచోట నిలవకుండా పక్కకు జరుగుతూ పోతుంది. అందుకే టిఫా స్కాన్‌కు అరగంట పట్టినా శిశువు శరీరంలో ఏ ఒక్క చోటా లెక్కలోకి వచ్చే వేడి పేరుకోదు.

డాప్లర్ సంగతి కొంచెం వేరు. కాజీపేట స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికి వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. కదిలే రక్తకణాల నుంచి వచ్చే ప్రతిధ్వనిలోనూ అదే మార్పు ఉంటుంది. ఆ మార్పును కొలిచి రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో తెలుసుకుంటాము. కలర్ డాప్లర్ దానిని ఎరుపు, నీలం రంగుల్లో చూపిస్తుంది. స్పెక్ట్రల్ డాప్లర్ ఒకే రక్తనాళంపై గురిపెట్టి అలల గీతగా చూపిస్తుంది. ఇందులో శబ్దం ఒకే చోట, ఎక్కువ నిడివితో, మళ్ళీ మళ్ళీ పడుతుంది కనుక వేడి పుట్టే అవకాశం అన్ని రకాల్లోకీ దీనికే ఎక్కువ. ఈ కారణంగా తొలి మూడు నెలల్లో అవసరం లేకుండా దీనిని వాడవద్దని, గుండె చప్పుడు నమోదు చేయడానికి కదలికను గీతగా చూపే ఎం-మోడ్ సరిపోతుందని అంతర్జాతీయ సంఘాలు చెబుతాయి.

మీ చెల్లెలి విషయంలో డాక్టరమ్మ మాట్లాడినది ఏడో నెల తర్వాత సంగతి. రక్తపోటు ఉన్న తల్లిలో మాయకు రక్తం సరిగా అందకపోతే శిశువు ఎదుగుదల మందగిస్తుంది. బొడ్డుతాడులోని ధమనిలో రక్తప్రవాహం గుండె చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఆగిపోతోందా, ఇంకా ముదిరి వెనక్కి మళ్ళుతోందా అన్నది డాప్లర్‌తోనే తెలుస్తుంది. ముప్పు ఎక్కువగా ఉన్న గర్భాలలో ఈ పరీక్ష చేసిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసినప్పుడు శిశు మరణాలు 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గినట్లు తేలింది. అందువల్ల ఆమెకు డాప్లర్ అవసరమని చెబితే వెనుకాడవద్దని నా సలహా. ఏ ఇబ్బందీ లేని గర్భిణికి ప్రతి నెలా డాప్లర్ రాస్తే మాత్రం ఎందుకు రాశారని అడగండి.

టిఫా అంటే వేరే తరంగం కాదు. గర్భస్థ శిశువు అవయవాలను తల నుంచి పాదం దాకా వరుసగా పరిశీలించే స్కానింగ్‌కు ఆ పేరు. 18 నుంచి 22 వారాల మధ్య చేయించాలి. వెన్నెముక, గుండె నాలుగు గదులు, మూత్రపిండాలు, పెదవి చీలిక వంటివి అప్పటికి చూడడానికి వీలుగా ఎదిగి ఉంటాయి. మొత్తం గర్భకాలంలో ఒక్క స్కానింగే సాధ్యమయ్యే చోట అది 24 వారాల లోపు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. మీరు గుర్తు పెట్టుకోవలసిన మరో విషయం ఉంది: టిఫా బాగున్నదంటే శిశువులో ఏ లోపమూ లేదని హామీ ఇచ్చినట్లు కాదు. తల్లి పొట్టపై కొవ్వు ఎక్కువగా ఉన్నా, శిశువు వీపు తిప్పి పడుకున్నా కొన్ని అవయవాలు కనిపించవు. అలాంటప్పుడు కాసేపు నడిచి రమ్మంటారు, లేదా వారం తర్వాత రమ్మంటారు. డబ్బు కోసమే మళ్ళీ పిలుస్తున్నారని అందరూ అనుకుంటారు గానీ చాలాసార్లు అసలు కారణం ఇదే.

ఇక మీ బాపు గారి పరీక్షలు. రెండింటిలోనూ ఉన్నది అల్ట్రాసౌండే. ఎకోలో పక్కటెముకల సందు నుంచి చూడడానికి వీలుగా చిన్న ముఖం ఉన్న ప్రోబ్ వాడతారు, గుండె కవాటాల గుండా రక్తం పోయే తీరును డాప్లర్‌తో కొలుస్తారు. కడుపుకు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్ వాడతారు. థైరాయిడ్, రొమ్ము, కాళ్ళ సిరల వంటి పైపై భాగాలకు 7 మెగాహెర్ట్జ్ దాటిన ప్రోబ్ కావాలి; పౌనఃపున్యం పెరిగేకొద్దీ బొమ్మ స్పష్టత పెరుగుతుంది, చేరే లోతు తగ్గుతుంది.

జవాబు: పరకాల పాఠకుడు

డాక్టర్ గారి వివరణకు కృతజ్ఞతలు. అయితే నాణేనికి రెండో వైపు కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. 2006లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పాస్కో రాకిక్ బృందం గర్భంతో ఉన్న చిట్టెలుకలపై అల్ట్రాసౌండ్ ప్రయోగించగా, 30 నిమిషాలు, అంతకు మించి తరంగాలు తగిలిన పిండాల మెదడులో కొన్ని నాడీకణాలు చేరవలసిన చోటికి చేరలేదని ప్రచురించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో సుమారు 2,800 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనంలో పలుమార్లు స్కానింగ్, డాప్లర్ చేయించుకున్నవారి పిల్లలు తక్కువ ఎదుగుదలతో పుట్టడం ఎక్కువగా కనిపించిందని 1993లో రాశారు. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినది మరొకటి. గర్భస్థ శిశువుకు వాడే యంత్రాల తీవ్రతపై అమెరికాలో ఒకప్పుడు చదరపు సెంటీమీటరుకు 94 మిల్లీవాట్ల పరిమితి ఉండేది. 1990ల ఆరంభంలో దానిని 720 మిల్లీవాట్లకు పెంచారు. అంతకు ముందు పుట్టిన పిల్లలను చూసి “ఇన్నేళ్ళుగా హాని లేదు” అనడం నేటి యంత్రాలకు ఎంతవరకు వర్తిస్తుంది? స్కానింగ్ వద్దని నేను అనడం లేదు. “ఎన్నైనా చేయించుకోవచ్చు, ఏమీ కాదు” అన్న ధోరణితోనే నాకు అభ్యంతరం.

జవాబు: హనుమకొండ రేడియాలజిస్టు

మీరు చెప్పిన మూడూ నిజమే. మొదటి రెండింటికి మిగతా కథ కూడా ఉంది.

చిట్టెలుక పిండం మనిషి పిండం కంటే ఎన్నో రెట్లు చిన్నది. ఆ ప్రయోగంలో తరంగం కదలకుండా మొత్తం మెదడుపై పడింది. మనిషిలో ప్రోబ్ జరుగుతూ ఉంటుంది, మధ్యలో తల్లి పొట్ట గోడ, ఉమ్మనీరు ఉంటాయి, మెదడు ఎదిగే కాలం కూడా నెలల తరబడి సాగుతుంది. కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా మనకు అన్వయించలేము. అయినా అవసరం లేని స్కానింగ్ వద్దనడానికి అది మంచి కారణమే. పెర్త్ అధ్యయనం విషయానికి వస్తే, ఆ పిల్లలనే 8 ఏళ్ళ వయసు దాకా పరీక్షించి 2004లో మళ్ళీ ప్రచురించారు. ఏడాది నిండిన తర్వాత రెండు వర్గాల పిల్లల ఎదుగుదలలో తేడా కనిపించలేదు. మాట, నడవడిక, నాడీ వికాసాలలోనూ తేడా లేదు. 1993 నాటి మాట ప్రచారమైనంతగా 2004 నాటి మాట ప్రచారం కాలేదు.

మూడో అంశంలో మీతో ఏకీభవిస్తాను. మన దగ్గరున్న పెద్ద అధ్యయనాలలో చాలా భాగం పాత యంత్రాల కాలానివి. పరిమితిని పెంచినప్పుడు దానికి బదులుగా వేడి సూచీ, యాంత్రిక సూచీ అనే రెండు అంకెలను తెరపై చూపించాలనే పద్ధతి తెచ్చి, వాటిని గమనించే బాధ్యతను స్కానింగ్ చేసేవారిపై పెట్టారు. ఇక్కడే నాకు అసలు దిగులు. యంత్రం అంకె చూపిస్తుంది. దానిని చూసే అలవాటు మా వృత్తిలో అందరికీ లేదు.

జవాబు: కాజీపేట బయోమెడికల్ ఇంజనీరు

ఆ అంకెల గురించి నేను రాస్తాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ యంత్రాలను సర్వీసు చేయడం నా పని. తెర పై అంచున, సాధారణంగా కుడి వైపు, ఎంఐ, టీఐఎస్ లేదా టీఐబీ అన్న అక్షరాల పక్కన చిన్న అంకెలు కనిపిస్తాయి. టీఐ అంటే వేడి సూచీ: కణజాలం ఉష్ణోగ్రతను 1 డిగ్రీ పెంచడానికి కావలసిన శక్తితో పోలిస్తే యంత్రం ఇప్పుడు ఎంత శక్తిని పంపుతోందో చెప్పే నిష్పత్తి. పిండానికి ఎముక గట్టిపడక ముందు, సుమారు 10 వారాల వరకు మెత్తని కణజాలానికి లెక్కించే టీఐఎస్ చూడాలి, ఆ తర్వాత ఎముకకు లెక్కించే టీఐబీ చూడాలి. ఎముక శబ్దాన్ని ఎక్కువగా పీల్చుకుని త్వరగా వేడెక్కుతుంది కనుక ఈ తేడా. 11 నుంచి 14 వారాల మధ్య డాప్లర్ తప్పనిసరైతే టీఐ 1.0 దాటకుండా, 5 నుంచి 10 నిమిషాల్లో ముగించాలన్నది నియమం. ఎంఐ అంటే యాంత్రిక సూచీ, శబ్దపు ఒత్తిడి వల్ల గాలి బుడగలు కంపించి పగిలే అవకాశాన్ని సూచిస్తుంది. దీని గరిష్ఠ పరిమితి 1.9. పుట్టని శిశువు ఊపిరితిత్తుల్లోను, పేగుల్లోను గాలి ఉండదు గనుక అక్కడ ఈ భయం తక్కువ. కంటి స్కానింగుకు మాత్రం పరిమితి 0.23 మాత్రమే, అందుకని కడుపు స్కానింగ్ సెట్టింగుతో కన్ను చూడకూడదు.

గర్భిణి స్కానింగ్ సెట్టింగును ఎంచుకుంటే యంత్రం తనంతట తానే తక్కువ శక్తితో మొదలవుతుంది. బొమ్మ మసకగా ఉంటే ముందు గెయిన్ పెంచాలి. తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని పెద్దది చేసేది అదే, దానివల్ల శిశువుకు చేరే శక్తి పెరగదు. పవర్ బటన్ జోలికి చివరగా వెళ్ళాలి. తొందరలో ఉన్నవారు దీనిని తిరగేసి చేయడం నేను గదిలో నిలబడి చూశాను.

తరంగాల కంటే నేను ఎక్కువ భయపడేవి మరికొన్ని ఉన్నాయి. ప్రోబ్ ముఖంపై పగులు ఉంటే జెల్ లోపలికి దిగుతుంది, ఒక్కోసారి విద్యుత్తు లీకేజీ కూడా రావచ్చు. స్ఫటికాలు కొన్ని చచ్చిపోతే బొమ్మలో నిలువుగా నల్లటి చారలు పడతాయి, ఆ చార కిందపడిన లోపం కనిపించదు. ప్రోబ్ ముఖం శరీరానికి ఆనినప్పుడు 43 డిగ్రీలు దాటి వేడెక్కకూడదు. ఇక జెల్ సంగతి: ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి పొర ఉంటే శబ్దం దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది గనుక జెల్ తప్పదు. కానీ పెద్ద డబ్బా నుంచి పాత సీసాలోకే కడగకుండా నింపుకుంటూ పోతే ఆ సీసాలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. యోని ద్వారా చేసే స్కానింగులో ప్రోబ్‌కు ప్రతి ఒక్కరికీ కొత్త తొడుగు వేయాలి, తొడుగు ఉన్నా సరే తర్వాత ప్రోబ్‌ను క్రిమిసంహారకంతో శుభ్రం చేయాలి. మీ కళ్ళ ముందు తొడుగు మార్చమని అడిగే హక్కు మీకు ఉంది. అంకెల గురించి అడిగితే కొందరికి కోపం రావచ్చు గానీ తొడుగు గురించి అడిగితే కోపగించుకునేవారి దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి.

జవాబు: ములుగు స్టాఫ్ నర్సు

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. ఖర్చు విషయం ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. టిఫా యంత్రాలను రాష్ట్ర ప్రభుత్వం 2022లో పలు ప్రభుత్వ ఆస్పత్రులలో ఏర్పాటు చేసింది, అక్కడ పరీక్ష ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడిగితే దగ్గరలో ఎక్కడ ఉందో, ఏ రోజు చేస్తారో చెబుతారు. 22 వారాలు దాటే దాకా వాయిదా వేయవద్దు. ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చేవారు వాన కారణంగానో, వాహనం దొరకకనో ఏడో నెలలో వచ్చి టిఫా అడుగుతుంటారు. అప్పుడు లోపం కనబడినా నిర్ణయం తీసుకునే సమయం మిగలదు.

స్కానింగ్‌కు ముందు ఫారం ఎఫ్ నింపిస్తారు, ఆధార్ అడుగుతారు, చెల్లెలి సంతకం తీసుకుంటారు. దీనిని చూసి కుటుంబాలు కంగారు పడుతుంటాయి. ఇది 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి గర్భిణికీ తప్పనిసరి. ఆ ఫారంలో తప్పులుంటే అది కూడా డాక్టరుపై నేరంగానే లెక్క. శిశువు ఆడా మగా అన్నది మాటతో గాని, సైగతో గాని, మరే విధంగా గాని చెప్పకూడదు. చెప్పినవారికి మొదటిసారి 3 ఏళ్ళ వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. అడిగి పరీక్ష చేయించినవారికి కూడా 3 ఏళ్ళ వరకు జైలు ఉంటుంది, జరిమానా 50,000 వరకు వెళుతుంది. గర్భిణిని భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం ముందుగా భావిస్తుంది. కాబట్టి అత్తమ్మ గారు గదిలోకి వస్తానంటే రానివ్వండి, తెర చూడనివ్వండి. శిశువు చేయి కదపడం చూస్తే ఆమె భయం సగం తగ్గుతుంది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగవద్దని ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: నర్సంపేట ఉపాధ్యాయుడు

అందరికీ ధన్యవాదాలు. అత్తమ్మ గారికి చదివి వినిపించాను. కరెంటు లోపలికి పోదన్న మాట ఆమెకు నచ్చింది, టిఫాకు ఒప్పుకున్నారు. ఇంకా రెండు సందేహాలు. స్కానింగ్ సెంటర్‌లో టిఫాతోపాటు 4డీ తీసి శిశువు ముఖం ఫొటో, వీడియో ఇస్తామని అదనపు డబ్బు అడుగుతున్నారు. అది తీసుకోవచ్చా? గుండె చప్పుడు ఇంట్లోనే వినడానికి చిన్న డాప్లర్ పరికరం ఆన్‌లైన్‌లో కొంటానని బావగారు అంటున్నారు. అదేమైనా మంచిదేనా? బాపును ఒకే రోజు రెండు పరీక్షలకూ తీసుకురావచ్చా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు: హనుమకొండ రేడియాలజిస్టు

3డీ అంటే పలు కోణాల్లోని బొమ్మలను కలిపి రూపం కట్టడం, 4డీ అంటే ఆ రూపం కదలికతో సహా కనిపించడం. పెదవి చీలిక, వెన్ను లోపం అనుమానం ఉన్నప్పుడు అవి నిజంగా పనికి వస్తాయి. టిఫా చేస్తుండగా ముఖం ఎదురుగా దొరికి ఒక ఫొటో తీసి ఇస్తే తప్పులేదు. ఫొటో కోసమే అదనంగా పావుగంట ప్రోబ్ ఆనించి ఉంచడం మాత్రం నాకు సమ్మతం కాదు. జ్ఞాపకానికి తీసే ఇలాంటి స్కానింగులు వద్దని అమెరికా ఆహార ఔషధ సంస్థ కూడా హెచ్చరించింది. పైగా వీడియో రికార్డింగులో లింగం బయటపడే ప్రమాదం ఉంది గనుక మన దగ్గర అది చట్టపరంగానూ చిక్కే.

ఇంట్లో వాడే డాప్లర్ కొననివ్వకండి. దాని శక్తి తక్కువే అయినా రోజూ ఎంతసేపు పెడతారో లెక్క ఉండదు. అంతకంటే పెద్ద ముప్పు వేరే ఉంది. తల్లి రక్తనాళాల చప్పుడునే శిశువు గుండె చప్పుడనుకుని, కదలికలు తగ్గినా ఆస్పత్రికి రాకుండా ఇంట్లో ఉండిపోతారు. రక్తపోటు ఉన్న మీ చెల్లెలి విషయంలో ఆ ఆలస్యం చాలా ప్రమాదకరం. ఏడో నెల దాటాక శిశువు కదలికలు తగ్గినట్లు ఆమెకు అనిపిస్తే, ఏ పరికరంతో ఏమి వినిపించినా, అదే పూట డాక్టరమ్మకు చూపించండి.

బాపు గారిని ఒకే రోజు తీసుకురావచ్చు. కడుపు స్కానింగ్‌కు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా రావాలి. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి అందులోని రాళ్ళు సరిగా కనిపించవు, పేగుల్లో గాలి చేరి వెనకున్న క్లోమం కప్పబడుతుంది. టీ కూడా వద్దు, మంచినీళ్ళు తాగవచ్చు. ప్రోస్టేట్ కూడా చూడమని రాసి ఉంటే మూత్రాశయం నిండుగా ఉండాలి కనుక గంట ముందు నీళ్ళు తాగించి ఆపుకోమనండి. ఆయనకు షుగర్ ఉంటే ఉదయపు మాత్ర గురించి డాక్టరును ముందే అడగండి, మొదటి నంబరు ఇవ్వమని కౌంటరులో చెప్పండి. కడుపు స్కానింగ్ కాగానే టిఫిన్ పెట్టించి ఎకోకు తీసుకెళ్ళవచ్చు. ఛాతీపై నుంచి చేసే మామూలు ఎకోకు ఖాళీ కడుపు అవసరం లేదు.